మెదడుకు కాపలా పెట్టి, ధమనికి కుట్లు



ఈ పూట నేను మాట్లాడబోయే ఆపరేషన్ చాగలమర్రిలో జరిగేది కాదు. ఆళ్లగడ్డలోనో నంద్యాలలోనో జరిగేదీ కాదు. మాటకొస్తే, గుండె ఆపరేషన్లు చేసే ఆసుపత్రుల్లో కూడా అన్నీ దీనికి చెయ్యి పెట్టవు. అయినా చాగలమర్రి వైపు వాళ్లకే దీన్ని చెప్పాలనుకున్నాను. ఎందుకంటే ఈ ఆపరేషన్ అవసరమయ్యే జబ్బులో మనిషి దక్కుతాడా లేదా అన్నది సగం ఆపరేషన్ థియేటర్లో తేలితే, మిగతా సగం మన ఊరి మీదుగా పోయే 40వ నంబరు జాతీయ రహదారి మీద తేలుతుంది.

గుండె నుంచి బయటికొచ్చే పెద్ద రక్తనాళాన్ని బృహద్ధమని అంటారు. డాక్టర్ల నోట అయోర్టా. అది గుండె దగ్గర మొదలై మెడ దిక్కుగా లేచి, అక్కడ వెనక్కి తిరిగి, వెన్నెముక పక్కగా కడుపులోకి దిగుతుంది. ఆ తిరిగే చోటే ధమని వంపు. మామూలుగా 3 సెంటీమీటర్ల వెడల్పుంటుంది. దాని వీపు మీద నుంచి మూడు కొమ్మలు పైకి పోతాయి. మొదటిది కుడి చేతికీ మెదడు కుడి సగానికీ, రెండోది మెదడు ఎడమ సగానికీ, మూడోది ఎడమ చేతికీ, కొంత మెదడు వెనక భాగానికీ రక్తం అందిస్తాయి. ఒంటి బరువులో మెదడు నూటికి రెండు వంతులే. గుండె పంపే రక్తంలో మాత్రం దాదాపు 15 వంతులు దానికే కావాలి.

ఈ వంపుకు వచ్చే కష్టాలు ముఖ్యంగా రెండు. ఒకటి, గోడ బలం తగ్గి ఏళ్ల తరబడి మెల్లగా ఉబ్బడం. అయిదున్నర సెంటీమీటర్లు దాటితే పగిలే ప్రమాదం పెరుగుతుంది గనుక ఆ లోపే ఆపరేషన్ మాట ఎత్తుతారు. రెండోది అకస్మాత్తుగా వచ్చే చీలిక. లోపలి పొర చిరిగి, రక్తం గోడ పొరల మధ్యకి దూరి, వాటిని విడదీసుకుంటూ పోతుంది. 1760 అక్టోబరు 25న ఇంగ్లండు రాజు రెండో జార్జి మరుగుదొడ్లో కూలిపోయి చనిపోతే, శవపరీక్ష చేసిన ఫ్రాంక్ నికల్స్ ఈ చీలికనే వివరంగా రాసిపెట్టాడు. రాజు గారికి అప్పుడు చేయగలిగింది ఏమీ లేదు. ఆ తర్వాత ఇంచుమించు రెండు వందల ఏళ్ల దాకా ఎవరికీ ఏమీ చేయలేకపోయారు.

ఎందుకని? కుందూ మీద రాజోలి ఆనకట్ట చూసినవాళ్లకి, కేసీ కాలువ కింద వరి పెట్టినవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. పెద్ద కాలువకు గండి పడితే పైన నీళ్లు కట్టేసి, కాలువ ఎండబెట్టి, అప్పుడు గట్టు పోస్తారు. పారే నీళ్లలో గట్టు నిలవదు. కానీ గండి పడిన చోటే మూడు తూములు ఉండి, వాటి కింద నారుమళ్లు ఉంటే? నీళ్లు కడితే నారు పోతుంది, కట్టకపోతే గండి పూడదు. ధమని వంపు దగ్గర డాక్టర్ల ఇరకాటం అదే. గుండె పని, ఊపిరితిత్తుల పని హార్ట్ లంగ్ మెషీన్ చేస్తుంది. 1953 మే 6న ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ ఆ యంత్రంతో తొలిసారి ఒక రోగిని బతికించాడు. అయితే వంపునే తెరవాలంటే యంత్రాన్ని కూడా ఆపాలి. మామూలు వేడిలో, అంటే 37 డిగ్రీల దగ్గర, రక్తం ఆగితే మెదడు తట్టుకునేది దాదాపు 5 నిమిషాలే. ఆ టైములో పాత నాళం కోసి కొత్తది కుట్టడం ఎవరివల్లా కాదు.

దారి చూపింది చలి. కెనడాలో టొరంటో సర్జన్ విల్‌ఫ్రెడ్ బిగెలో కుక్కల మీద ప్రయోగాలు చేసి, ఒళ్లు చల్లబడేకొద్దీ దానికి ఆక్సిజన్ అవసరం తగ్గుతుందని 1950లో చూపించాడు. 1952 సెప్టెంబరు 2న అమెరికాలో మినియాపొలిస్‌లో జాన్ లూయిస్ అయిదేళ్ల పాపను 28 డిగ్రీలకు చల్లబరిచి, రక్తం ఆపి, గుండెలోని రంధ్రం మూసేశాడు. మన ఊళ్లలో కాళ్లూ చేతులూ చల్లబడ్డాయంటే ఆశ వదిలేసుకుంటాం. వీళ్లు కావాలని చల్లబరిచి ప్రాణం నిలబెట్టారు. ధమని వంపుకు ఈ పద్ధతిని గట్టిగా నిలబెట్టింది సర్జన్ రాండాల్ గ్రీప్. నలుగురు రోగుల అనుభవాన్ని ఆయన 1975లో ప్రచురించాక ప్రపంచమంతా అటు తిరిగింది. ఎంత చల్లబరిస్తే ఎంతసేపు ఆగవచ్చో తర్వాత ఆయన బృందమే లెక్క కట్టింది. 30 డిగ్రీల దగ్గర 9 నిమిషాలు. 20 దగ్గర 21. 15 దగ్గర 31. ఇరవై డిగ్రీలకు వచ్చేసరికి మెదడు తినే ఆక్సిజన్ నాలుగో వంతుకు పడిపోతుంది. ఈ అంకెల్లో ఇంకో సంగతి కూడా ఉంది. ఎంత చల్లబరిచినా టైము పెరుగుతుందే గానీ, పూర్తి అభయం దొరకదు.

థియేటర్లో ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. రోగి తల చుట్టూ ఐసు సంచులు ఉంటాయి. నుదుటి మీద కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి స్టిక్కర్లు అంటిస్తారు. వాటిలోంచి పోయే కాంతి మెదడు ముందుభాగంలో ఆక్సిజన్ ఎంతుందో తెరమీద చూపిస్తూ ఉంటుంది. ముక్కులోకి ఒక సన్నని తీగ, మూత్రాశయంలోకి ఒకటి, రెండు చోట్లా వేడి కొలుస్తాయి. రొమ్ము ఎముక కోసి, గొట్టాలు పెట్టి, రక్తాన్ని మెషీన్‌కు మళ్లించి చల్లబరచడం మొదలుపెడతారు. తొందరపడి చల్లబరిస్తే పైపైన చల్లబడి లోపల వేడి మిగులుతుంది. కాబట్టి అరగంట, ముప్పావుగంట, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే ఓపిక పట్టాలి. ఈలోపు గుండె దానంతట అదే కొట్టుకోవడం మానేస్తుంది. మెషీన్ దగ్గర కూర్చున్న పర్ఫ్యూజనిస్టు డిగ్రీలు చదువుతూ ఉంటాడు. అనుకున్న అంకె రాగానే సర్జన్ పంపు ఆపమంటాడు. మెషీన్ చప్పుడు ఆగిపోతుంది. తెరమీద గీతలన్నీ అడ్డంగా పడుకుంటాయి. అక్కడి నుంచి గడియారం మొదలు. "అయిదు నిమిషాలు." "పది నిమిషాలు." ఆ కేకలు తప్ప పెద్దగా మాటలుండవు.

సర్జన్ చేతిలో మడతలు మడతలుగా ఉన్న తెల్లటి గుడ్డ గొట్టం ఉంటుంది. దాని పేరు డాక్రాన్, పాలియెస్టర్ జాతిది. నీలం రంగు పాలీప్రొపిలీన్ దారంతో దాన్ని చిరగని ధమని అంచుకు చుట్టూరా కుడతాడు. చీలిక వచ్చిన గోడ కుట్టు గట్టిగా లాగితే తెగేంత పలచన. అందుకని లోపలా బయటా మెత్తటి టెఫ్లాన్ పట్టీలు పెట్టి మరీ కుట్టాలి. కుట్టు పూర్తయ్యాక ఒక్క గాలిబుడగ మిగిలినా అది తిన్నగా మెదడుకు పోతుంది. తల వైపు బల్లను కిందికి వంచి, నాళంలో రక్తం నింపి, గాలి పూర్తిగా వెళ్లగొట్టాకే పంపు మళ్లీ తిప్పుతారు.

మరి మెదడుకు కాపలా అన్నానే, అదేమిటి? ఉట్టి చలి మీదే ఆధారపడకుండా, మిగతా ఒళ్లంతా ఆపినా మెదడుకు మాత్రం కొంచెం చల్లని రక్తం అందిస్తూ ఉండటం. జపాన్‌లో కజుయి తెరుహిసా 1980ల నుంచి ఈ పద్ధతిని సానబట్టాడు. కుడి భుజం ఎముక కింది ధమనిలో గొట్టం పెట్టి, దానిగుండా కిలో బరువుకు నిమిషానికి 10 మిల్లీలీటర్ల చొప్పున పంపుతారు. అరవై కిలోల మనిషికి నిమిషానికి ఆరు వందల మిల్లీలీటర్లన్న మాట. మొత్తం ఒంటికి పంపే నాలుగైదు లీటర్లతో పోలిస్తే అది కొంచెమే. అయినా మెదడుకు చాలుతుంది. 1990లో జపాన్ నుంచే యూయిచి ఉయెదా ఇంకో దారి చూపాడు, సిరల్లోంచి వెనక్కి రక్తం పంపడం. అది మెదడుకు తిండి పెట్టేది తక్కువే గానీ, ధమనుల్లో చిక్కుకున్న చెత్తను వెనక్కి కడిగేయడంలో పనికొస్తుందని చాలామంది నమ్మకం.

ఏది మంచిదన్న విషయంలో సర్జన్లు ఇంకా ఒకమాట మీదికి రాలేదు. యేల్ యూనివర్సిటీలో జాన్ ఎలెఫ్టెరియాడిస్ ఏ పంపూ లేకుండా లోతైన చలి ఒక్కటే చాలంటాడు. 394 మంది రోగుల ఫలితాలను ఆయన బృందం 2007లో ప్రచురించింది. చనిపోయింది నూటికి ఆరుగురు, పక్షవాతం వచ్చింది అయిదుగురిలోపు. తర్వాత అదే యేల్‌కు వచ్చిన ప్రశాంత్ వల్లభజోస్యుల, ఇంటిపేరు వింటేనే మన తెలుగు చెవికి పరిచయంగా ఉంటుంది, అంతకుముందు పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఉండగా లోతైన చలినీ మధ్యరకం చలినీ పక్కపక్కన పెట్టి పోల్చిన పరిశోధనల్లో ముఖ్యుడు. ఇప్పుడు ఎక్కువమంది 24, 26, 28 డిగ్రీల దగ్గరే ఆగి మెదడుకు రక్తం పంపుతున్నారు. లోతుగా చల్లబరిస్తే రక్తం గడ్డకట్టే గుణం పోయి కారుతూనే ఉంటుంది, మళ్లీ వెచ్చబరచడానికీ చాలాసేపు పడుతుంది. నన్నడిగితే, ఏ పద్ధతి అన్నదానికంటే ఆ ఆసుపత్రి ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తుందన్నదే ముందు అడగాల్సిన ప్రశ్న. పదిసార్లు చేసిన పద్ధతి, ఒక్కసారి చదివిన పద్ధతికన్నా మేలు.

ఇక ఫలితాలు. 1993లో సర్జన్ లార్స్ స్వెన్సన్ బృందం ఇలా చల్లబరిచి రక్తం ఆపిన 656 మందిని లెక్కలోకి తీసుకుంది. నూటికి పదిమంది చనిపోయారు, ఏడుగురికి పక్షవాతం వచ్చింది. రక్తం ఆపిన సమయం 40 నిమిషాలు దాటితే పక్షవాతం, 65 దాటితే మరణం ఎక్కువవుతున్నాయని అందులోనే తేలింది. అత్యవసరంగా చేసే చీలిక ఆపరేషన్లు వేరే కథ. పలు దేశాల ఆసుపత్రులు కలిసి 1996 నుంచి నడుపుతున్న ఒక రిజిస్ట్రీ ఉంది. గుండె దగ్గరి భాగంలో చీలిక వచ్చి మందులతోనే సరిపెట్టిన వాళ్లలో సగానికి పైగా ఆసుపత్రిలోనే పోయారని 2000లో అది చెప్పింది. ఆపరేషన్ అయినవాళ్లలో పోయినది నాలుగో వంతు. తర్వాతి ఏళ్లలో ఆ నాలుగో వంతు కాస్తా నూటికి 18కి దిగింది. ముందుగా తెలుసుకుని, నింపాదిగా తేదీ పెట్టుకుని చేయించుకున్నవాళ్లకు గండం ఇంకా చాలా తక్కువ.

అయితే బతికారా లేదా అన్న లెక్క ఒక్కటే ఫలితం కాదు. రెండోరోజో మూడోరోజో ఐసీయూలో సిస్టర్ వచ్చి, "పెద్దాయనా, కళ్లు తెరువు. నా వేళ్లు పట్టుకో. గట్టిగా. ఇప్పుడు ఎడమ చేత్తో" అంటుందే, అసలు ఫలితం తేలేది అక్కడ. చెయ్యి లేవకపోతే పక్షవాతం. అది ఎక్కువగా చలి చాలక వచ్చేది కాదు, ధమని గోడమీది కొవ్వు ముక్కో గాలిబుడగో మెదడులో చిక్కుకుని వచ్చేది. అలాంటి దానిమీద చలికి పెద్దగా అధికారం లేదు. ఇంకో రకం ఉంది. కాళ్లూ చేతులూ బాగానే ఆడతాయి, మాటే తేడాగా ఉంటుంది. కొడుకు బయటికొచ్చి, "సార్, మా నాయన నన్ను గుర్తు పట్టల్యా. ఏందేందో మాట్లాడతాండాడు" అని ఏడుస్తాడు. ఇది చాలావరకు కొద్దిరోజుల్లో సర్దుకునే తికమక. వెంటిలేటరు, నిద్రలేమి, మత్తుమందులు, రక్తం ఆగిన నిమిషాలు, అన్నీ కలిసి తెచ్చేది. ఇంటివాళ్లకు ఈ సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. చెప్పితీరాలి. గుండె సర్జన్ల మీద నాకున్న ఒక ఫిర్యాదు ఇది.

బుద్ధి పూర్తిగా తిరిగొస్తుందా అని యేల్ వాళ్లు ఒక తెలివైన పరీక్ష చేశారు. మెదడుతోనే బతికేవాళ్లను, డాక్టర్లు, లాయర్లు, అలాంటివాళ్లను ఎంచుకుని, ఆపరేషన్ తర్వాత వాళ్ల ఆలోచనాశక్తి ఎలా ఉందని వాళ్లనీ, వాళ్ల ఇంటివాళ్లనీ అడిగారు. తగ్గలేదనే తేలింది.

ఇక్కడ మైకేల్ డిబేకీ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. హ్యూస్టన్ సర్జన్. ధమని వంపు ఆపరేషన్లకు 1950లలోనే బాట వేసినవాడు. డాక్రాన్ గొట్టాన్ని మొదట తన ఇంట్లో కుట్టు మిషన్ మీదే కుట్టాడు, కుట్టుపని అమ్మ దగ్గర నేర్చుకున్నాడు. నైలాన్ గుడ్డ కోసం కొట్టుకు పోతే అది అయిపోయిందని డాక్రాన్ ఇచ్చారట. 2005 డిసెంబరు చివర, 97 ఏళ్ల వయసులో, ఆయనకే ధమని చీలింది. ఏమైందో పోల్చుకున్నాడు. అయినా వెంటనే ఆసుపత్రిలో చేరలేదు. జబ్బు ముదిరి స్పృహ తప్పేదాకా ఆపరేషన్ లేకుండానే లాక్కొచ్చాడు. ఈ వయసులో కోయాలా వద్దా అని డాక్టర్లు తర్జనభర్జన పడుతుంటే భార్య కట్రిన్ సమావేశంలోకి దూసుకెళ్లి చెయ్యాల్సిందేనంది. 2006 ఫిబ్రవరిలో, ఒకప్పుడు తన దగ్గర పనిచేసిన జార్జి నూన్ చేతుల మీదుగా, తాను కనిపెట్టిన గొట్టమే ఆయన గుండె మీదికి వచ్చింది. నెలల తరబడి మంచం పట్టాడు గానీ, చెక్కుచెదరని బుద్ధితో మళ్లీ పనిలోకి వచ్చి 2008 జులై 11 దాకా బతికాడు. 

ధమని ఆపరేషన్లకు బాట వేసిన డిబేకీయే నొప్పి వచ్చిన రోజు ఇంట్లో కూర్చున్నాడంటే, చాగలమర్రిలో శనగ చేను దగ్గర నొప్పి వచ్చిన మనిషి ఏం చేస్తాడో ఊహించుకోవచ్చు. పక్క వీధి డాక్టరు దగ్గరికి పోయి, "సార్, ఈపులో నరికినట్టుంది. గ్యాసేమో, ఒక సూది వెయ్యి సార్" అంటాడు. ఈ నొప్పికి ఒక గుర్తుంది. మెల్లగా మొదలై పెరిగేది కాదు. వచ్చిన క్షణంలోనే ఎంత ఉండాలో అంతా ఉంటుంది. రొమ్ములో మొదలై రెండు రెక్కల మధ్యకు, నడుముకు జరుగుతుంది. చీల్చినట్టుంది అనే మాట రోగులే వాడతారు. ఒక్కోసారి కళ్లు తిరిగి పడిపోతారు, రెండు చేతుల్లో బీపీ వేరువేరుగా ఉంటుంది. ఈసీజీ బాగానే రావచ్చు. వైద్యం అందకపోతే మొదటి రెండురోజుల్లో గంటకు నూటికి ఒకరిద్దరు చొప్పున చనిపోతారని పాత లెక్క.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. గుండెపోటుకు రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇప్పుడు మన ప్రభుత్వాసుపత్రుల్లో దొరుకుతోంది. అది ఎందరినో కాపాడుతోంది. ఛాతీనొప్పుల్లో గుండెపోటే ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి దానికి భయపడి వద్దనకండి. అయితే ధమని చీలికలో అదే ఇంజెక్షన్ ప్రాణం తీయగలదు. అందుకని నొప్పి ఎలా మొదలైందో, ఎక్కడి నుంచి ఎక్కడికి జరిగిందో డాక్టరుకు దాచకుండా చెప్పండి. అనుమానం వస్తే ఆయన రెండు చేతుల బీపీ చూసి, సీటీ యాంజియోగ్రామ్‌కు పంపుతాడు.

చాగలమర్రి నుంచి నంద్యాల సుమారు 60 కిలోమీటర్లు, కడప కూడా కాస్త అటూఇటుగా అంతే. 2023లో నంద్యాలలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. జబ్బు పసిగట్టి, ఇంజెక్షన్‌తో పై బీపీని 120 లోపుకు తెచ్చి, నొప్పి తగ్గించి, ముందున్న ఆసుపత్రికి ఫోన్ చేసి మరీ పంపితే, ఆ ఒక్క పనే దారిలో ప్రాణం నిలుపుతుంది. ఆ తర్వాత కర్నూలు, తిరుపతి, హైదరాబాద్, బెంగళూరు. ఎక్కడికైనా గంటల ప్రయాణమే. ఎక్కడ పడితే అక్కడ దించి, వాళ్లు మా దగ్గర కాదంటే మళ్లీ ఎక్కించడంలోనే సగం టైము పోతుంది. బయల్దేరే ముందే, ధమని ఆపరేషన్ ఈరాత్రి చేయగల సర్జన్ అక్కడ ఉన్నాడా అని ఫోన్లో అడగాలి. 108 వాళ్లను కూడా అదే అడగమనండి. పుట్టపర్తిలో డబ్బు కౌంటరే లేని గుండె ఆసుపత్రి 1991 నవంబరు 22న మొదలైంది.  తేదీ పెట్టుకుని చేయించుకునే గుండె ఆపరేషన్లకు సీమ జనం చాలామంది అక్కడికి పోతారు. చీలికకు మాత్రం తేదీ ఉండదు.

చీలిక వచ్చినవాళ్లలో నూటికి 72 మందికి ముందునుంచీ బీపీ ఉందని ఇందాక చెప్పిన రిజిస్ట్రీలోనే ఉంది. బీపీ దిగింది కదా అని మాత్ర మానేసేవాళ్లు మన వైపు ఇంటికొకరు. మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే అది దిగింది. ఊరగాయ, ఉప్పుమిరపకాయ, అప్పడం, సంగటిలోకి ఇంకో చిటికెడు ఉప్పు, ఇవి కూడా లెక్కలోకి వస్తాయి.

ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన మనిషికి బీపీ మాత్ర జీవితాంతం. ఏడాదికోసారి స్కానింగ్, ఎందుకంటే మార్చింది వంపు వరకే, దాని కింద ఉన్నది పాత ధమనే. అలాగే వాళ్ల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు ఒకసారి గుండె ఎకో తీయించుకోవాలి. కొన్ని ఇళ్లలో ఈ బలహీనత రక్తసంబంధంలో నడుస్తుంది. మనిషి బాగా పొడుగ్గా, చేతివేళ్లు మరీ సన్నగా పొడుగ్గా ఉండి, ఇంట్లో ఎవరైనా చిన్నవయసులో ఉన్నట్టుండి పోయి ఉంటే, ఆ మాట ఎకో తీసే డాక్టరుకు ముందే చెప్పండి. ధమని వెడల్పు ఎంతుందో రిపోర్టులో సెంటీమీటర్లలో రాయించుకుని, ఆ కాగితం దాచిపెట్టుకోండి. వచ్చే ఏడాది కొలతతో పోల్చడానికి అది కావాలి.